పిలుపు మూసిన వేసవి

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పంది లేవదు. కొట్టినా లేవదు. దానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు. అందుకే బురదలో ఒళ్ళు పరుచుకుని పొద్దు వాలేదాకా చచ్చినట్టు పడుంటుంది. నేను పందులు పెంచే ఇంట్లో పుట్టినదాన్ని కాకపోయినా ఎనిమిదేళ్ళు ఆ ఇంటి కోడలిగా ఉన్నాను కాబట్టి ఈ మాత్రం నాకూ తెలుసు. యుద్ధం ఆగిపోయిన కొన్నేళ్ళకి వచ్చిన ఆ వేసవిలో మా పందులు మిట్టమధ్యాహ్నం లేచి పరిగెత్తడం మొదలుపెట్టాయి.

మొదటి రోజు నేనూ మా అత్తయ్య వర్దే ద్రాక్షపందిరి కింద కూర్చుని బెండకాయలు దారానికి గుచ్చుతున్నాం. చలికాలానికి ఎండబెట్టుకునేవి, వేలి కొసంత లేతవి. మా పొలం కొండవాలున మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. పై మెట్టులో టమాటా, దోస, వంగ. అవి కింద జహ్లే పట్నం బజారుకు వెళ్ళేవి, లోయలో ముస్లిం ఇళ్ళవాళ్ళు కూడా కొనేవాళ్ళు. అందుకని ఆ మెట్టుకి మేకల ఎరువు తప్ప ఇంకోటి వెయ్యనని మా మామయ్య తన్నూస్, కొనేవాళ్ళకి మాటిచ్చాడు, దాటలేదు. నడిమి మెట్టు మా తిండికి. అట్టడుగున ఓక్ చెట్ల నీడలో పందులు, వాటి బురదగుంట, ఆ చివర రాతి గోడ. గోడ అవతల అంజూరపు చెట్లు, ఎండిపోయిన గడ్డి, అంతే.

చెట్లమీద కీచురాళ్ళు చెవులు దిబ్బళ్ళు పడేట్టు అరుస్తున్నాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి. మా ముసలి ఆడపంది హానెం బురదలోంచి తల ఎత్తింది. చెవులు నిక్కబొడుచుకుంది. మరుక్షణం లేచి గోడ వైపు పరుగు. మిగతా పందులన్నీ దాని వెనకే. గోడ దగ్గర వరసగా నిలబడి, మూతులు పైకెత్తి, అవతలికి చూస్తూ ఉండిపోయాయి. అరుపు లేదు, గురక లేదు.

"విన్నావా?" అంది అత్తయ్య. సూది ఆమె వేళ్ళ మధ్య ఆగిపోయింది.

"ఏంటత్తయ్యా? నాకేం వినపళ్ళేదు."

"నాకూ వినపళ్ళేదే. అవి విన్నాయి. వాడు పిలిచాడు."

వాడంటే ఎవరో అడగక్కర్లేదు.

మా ఊళ్ళో పందులున్న ప్రతి మగవాడికీ ఒక పిలుపు ఉంటుంది. మొదటి పందిపిల్లని చేతిలో పెట్టిన నాడు పిల్లాడు ఆ పిలుపుని తనే అల్లుకుంటాడు. ఒకరి పిలుపు ఇంకొకరు పిలవరు. తప్పతాగినవాడు కూడా ఆ పని చెయ్యడు. మనిషి పోతే, చర్చిలో చావు పూజ అయిన రోజున ఇంట్లో ఒకరు ఆ పిలుపు ఆఖరిసారి పిలుస్తారు. పందులు వస్తాయి. వాటికి ఖాళీ చేతులు చూపించి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. దాన్ని పిలుపు మూయడం అంటారు. ఆ తర్వాత ఆ కూత ఆ నేలమీద మళ్ళీ వినపడకూడదు.

నా మొగుడు సిమాన్ పిలుపు రెండు పొట్టి కూతలు, వెనకాల ఒక పొడుగుది, దాని చివర నవ్వు ఆపుకున్నట్టు చిన్న విరుపు. హానెంని పాలసీసాతో పెంచింది అతనే. యుద్ధం చివర్లో ఒక పొద్దున క్యాబేజీలు వేసుకుని జహ్లేకి బయల్దేరాడు. బండి దొరికింది. క్యాబేజీలు కూడా చాలావరకు దొరికాయి. మనిషి దొరకలేదు. దారిలో ఎవరు ఆపారో, ఎటు తీసుకెళ్ళారో చెప్పిన నాథుడు లేడు. ఆరేళ్ళుగా నేను అటు ముండమొయ్యనూ లేదు, ఇటు ముత్తయిదువనూ కాదు.

ఆ ఏడు ఈస్టర్ అప్పుడు జహ్లే నుంచి మా అన్న బద్వీ ఒక సంబంధం తెచ్చాడు. నకూలా అని, రొట్టెల బట్టీ ఉన్నాయన, భార్య పోయింది. బజారుకు కూరగాయలు తీసుకెళ్ళినప్పుడల్లా ఒక వేడి రొట్టె నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయేవాడు. నాకు ముప్ఫై దాటాయి. నాకు ఆ ఇంటికి వెళ్ళాలని ఉంది. వేరే మాటల్లో చెప్పడం నాకు చేతకాదు. వెళ్ళాలంటే సిమాన్ చావు పూజ జరగాలి. మా ఫాదరు, అబూనా అంటాం ఆయన్ని, ఒకటే షరతు పెట్టాడు. శవం లేని పూజ చెప్పాలంటే తల్లి తన నోటితో కొడుకు పోయాడని అనాలి. అత్తయ్య రెండు నెలలు ఏడ్చి, చివరికి సరేనంది. ఆగస్టులో మరియమ్మ పండుగ మర్నాటికి పూజ అనుకున్నాం. ఇంతలో ఈ పందులు మొదలుపెట్టాయి.

ఆ రోజే కాదు, మర్నాడూ, ఆ తర్వాతా అంతే. మధ్యాహ్నం చర్చి గంటలు మోగి కాస్సేపయ్యేది, కీచురాళ్ళు ఆగేవి, పందులు లేచేవి. అత్తయ్య ముందే కుర్చీ లాక్కుని కూర్చునేది. ఆమె మొహంలో కళ వచ్చింది. అది చూస్తే నాకు భయమేసింది.

"గోడ అవతల అడవిపందులు తిరుగుతున్నాయేమో," అన్నాన్నేను మామయ్యతో. ఆయన అప్పుడే పార భుజాన వేసుకుని వచ్చాడు. ఆ ఏడు కాలవ నీళ్ళ వంతు మాకు మధ్యాహ్నానికి పడింది. రోజూ ఎండలో మాడి వచ్చేవాడు.

"అడుగుల జాడ లేదమ్మా, చూశాను," అన్నాడు మామయ్య. "పామేమో."

"పామొస్తే వెనక్కి పరిగెడతాయి గాని ముందుకి పరిగెడతాయా?" అంది అత్తయ్య. "పెంచింది నలభై ఏళ్ళు. ఏం లాభం!"

మామయ్య పారకంటిన మట్టి గీకడం మొదలుపెట్టాడు.

జులై చివర్లో ఒక పంది చచ్చిపోయింది. బాగా కొవ్వెక్కిన మగది, క్రిస్మస్‌కని మేపుతున్నది. గోడదాకా పరిగెత్తి, అక్కడే ముందుకాళ్ళు మడిచి కూలబడింది. మామయ్య ఎక్కడి నుంచి వచ్చాడో ఆయాసపడుతూ వచ్చి, తడిగోనె దాని మెడమీద వేసి, తలమీద కొద్దికొద్దిగా నీళ్ళు పోశాడు. ఒక్కసారిగా పొయ్యకూడదు, గుండె ఆగుతుంది. లాభం లేకపోయింది.

"వాడు పిలుస్తుంటే చావైనా లెక్కచెయ్యవు," అంది అత్తయ్య, గట్టు మీది నుంచి. ఆమె గొంతులో బాధ లేదు, గర్వం ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మధ్యాహ్నాలు మామూలుగా గడిచాయి. పందులు కదల్లేదు. నాకు ఊపిరాడింది. అత్తయ్య మాత్రం అన్నం ముట్టలేదు. గోధుమనూక వండితే అలాగే వదిలేసేది, పెరుగులో రొట్టె ముంచి చేతిలోనే పెట్టుకుని కూర్చునేది. "అలిగాడు," అనేది. "పూజ అన్నాంగా, అలిగాడు." మామయ్య ఆ కంచం వైపు చూసి, తన కంచం కూడా పక్కకు నెట్టేవాడు. ఆదివారం బద్వీ రాగానే ఆమె కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది, పూజ లేదని.

అప్పుడే బల్లమీద వంకాయ వేపుడు, అరక్ సారా సీసా పెట్టాను. బద్వీ గ్లాసు కింద పెట్టేశాడు.

"పందులు సాక్ష్యం చెప్పాయని నా చెల్లెలు ముసల్దైపోవాలా పిన్నీ?"

"నోరు మంచిగా పెట్టుకో అబ్బాయ్. నీ చెల్లెలు నా ఇంట్లో ఎండలో కూచుందా, పస్తులుందా?"

"పస్తులుండలేదు, నిజమే. పాతిపెట్టారు, అంతే!"

"ఇద్దరూ ఆపండి," అన్నాడు మామయ్య. "పూజ జరుగుతుంది. మాటంటే మాటే. ఆ పిల్ల బతుకేం కావాలే?" అత్తయ్యని అంత గట్టిగా అనడం నేనెప్పుడూ వినలేదు. ఆయన లేచి, నీళ్ళ వంతు దాటిపోతోందని గొణుక్కుంటూ పార తీసుకుని వెళ్ళాడు.

బద్వీ విజయం సాధించినట్టు నా వైపు చూసి, వేపుడు కంచంలో వడ్డించుకున్నాడు. నోట్లో ముద్ద పెట్టుకున్నాడో లేదో కీచురాళ్ళు ఆగాయి. కిందినుంచి డెక్కల చప్పుడు. బద్వీ గట్టు అంచుకి వెళ్ళి చూశాడు. హానెం గోడకి రొమ్ము ఆనించి నిలబడి ఉంది. దాని తోక మెల్లిగా ఊగుతోంది, అచ్చం తెలిసిన మనిషి ఎదురొచ్చినప్పటిలాగే. గోడ అవతల ఎవరూ కనపడలేదు. ఎండ తప్ప ఏమీ లేదు.

మా అన్న గుండెలమీద సిలువ వేసుకున్నాడు. మొహం సున్నంలా పాలిపోయింది. "రఫ్కా, నేను మళ్ళీ వస్తా," అని నాతో చెప్పి, కంచంలో తిండి అలాగే వదిలేసి బండెక్కాడు. అత్తయ్య నవ్వింది. మళ్ళీ వేపుడు వేడి చెయ్యమని నాకు చెప్పి, కడుపునిండా తింది.

ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. సిమాన్ బతికుంటే సంతోషమే. చచ్చిపోయుంటే ఏడుస్తాను. కానీ గోడ అవతల నిలబడి పందుల్ని మాత్రమే పిలిచే మొగుణ్ణి ఏం చేసుకోను? పిలిస్తే నన్ను పిలవొచ్చుగా?

మర్నాడు అత్తయ్య కంట పడకుండా, దోసకాయలు కోసే వంకతో బుట్ట తీసుకుని దిగి, గోడ పక్కన చిక్కుడుపందిరి కింద దూరి కూర్చున్నాను. నేల కాలుతోంది. చిక్కుడాకు కూడా కదలడం లేదు. పందులు బురదలో పడున్నాయి, వాటి డొక్కలు ఎగసిపడుతున్నాయి. చర్చి గంటలు మోగాయి. కీచురాళ్ళు ఆగాయి.

ఈసారి నేను విన్నాను.

రెండు పొట్టివి, ఒక పొడుగుది, చివర ఆ విరుపు. దూరంగా కాదు. నా వీపు వెనకాల, గోడకి అవతలి పక్కన, చెవిలో గుసగుసంత మెల్లిగా. నా మొగుడి గొంతు. పందులు లేచి నా మీదికే పరిగెత్తుకొచ్చి, నన్ను రాసుకుంటూ గోడ దగ్గర ఆగాయి. రాళ్ళు పట్టుకుని పైకి లేచి, గోడ మీదుగా తొంగిచూశాను.

అంజూరపు చెట్టు కింద, పైనుంచి కనపడకుండా గోడకి ఆనుకుని మామయ్య కూర్చుని ఉన్నాడు. పార పక్కన పడుంది. కళ్ళు మూసుకుని రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టుకున్నాడు. ఆయన గొంతు బొంగురు, ఊరందరికీ తెలుసు. ఇది బొంగురు గొంతు కాదు, వయసులో ఉన్నవాడి గొంతు. పెదాలు ముసలాయనవి కదులుతున్నాయి, పిలుస్తున్నది సిమాన్.

"మామయ్యా!"

ఆయన ఉలిక్కిపడలేదు. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. "నీకు వినపడిందా?"

"వినపడింది."

"వాడేనా?"

అబద్ధం చెప్పాలన్నా నాకు నోరు రాలేదు. "ఆయనే," అన్నాను. ముసలాయన తల ఊపాడు.

"ఎందుకిలా చేశారు మామయ్యా? అందరి ముందూ నన్ను పంపించెయ్యాలనేది మీరేగా!"

"పంపించాలనే అంటున్నానమ్మా. పొద్దున లేచినా అదే అనుకుంటాను. ఈ పూటయ్యేసరికి..." ఆయన ఆగి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "పూజైపోతే ఆ పిలుపు మళ్ళీ ఎవరూ పిలవకూడదు గదా. ఒక్కసారి నా నోట్లో ఎలా ఉంటుందో చూద్దామని మొదటి రోజు ఊరికే అన్నా. దగ్గినంత కూడా కాదు. అవి లేచొచ్చేశాయి. ఆ హానెం మొహం నువ్వు చూళ్ళేదు."

"పంది చచ్చిపోయింది!"

"ఆపేశాగా! ఆపితే మీ అత్తయ్య కూడు మానేసింది. ఏం చెయ్యమంటావ్?" ఆయన గొంతు మళ్ళీ బొంగురుగానే ఉంది. "ఇంకోటి చెప్తా, నవ్వకు. ఇంట్లో పొయ్యి దగ్గర మెల్లిగా అని చూశా. రాలేదు. నా గొంతే వచ్చింది. ఇక్కడ, ఈ గోడ దగ్గర కూచుంటేనే వాడి గొంతు వస్తుంది. ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలీదమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ముసలాయన తన కొడుకు గొంతు వినడానికి నా బతుకుని పందుల కాళ్ళ కింద వేశాడు. ఇంట్లో పెద్దమనిషిలా తీర్పులు చెప్పి, ఇక్కడికొచ్చి చెరుపుతున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాలని నోరు తెరిచాను.

"ఇంకోసారి పిలవండి," అన్నాను.

పిలిచాడు. గోడకి అటు ఆయన, ఇటు నేను, నా చుట్టూ పందులు. నాకు ఏడుపు ఆగలేదు.

పైకి వచ్చేసరికి అత్తయ్య పందిరి కింద బెండకాయలు గుచ్చుతోంది. బుట్టలో ఒక్క దోసకాయ లేదని చూసింది.

"గోడ దగ్గరికెళ్ళావా?"

"వెళ్ళానత్తయ్యా."

"ఎవరు?"

దాచి పెట్టాలని నాకు అనిపించలేదు. "మామయ్య," అన్నాను.

ఆమె మరో బెండకాయ తీసుకుంది. గుచ్చింది. ఇంకోటి గుచ్చింది. నేను ఆమె అరుస్తుందనో, గుండెలు బాదుకుంటుందనో చూస్తున్నాను.

"బాగా వచ్చిందా?" అంది.

"అచ్చం ఆయనేనత్తయ్యా."

ఆమె దారం పళ్ళతో కొరికి ముడి వేసింది. ఆ దండని పందిరి మేకుకి తగిలించి, చేతులు దులుపుకుంది. "అబూనాకి కబురు పంపించు," అంది. "నే చెప్తా ఆయనతో."

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య నెత్తిన గుడ్డ కట్టుకుని, మామయ్యకి అన్నం మూటగట్టుకుని, మెట్లు దిగి గోడ అవతలికి వెళ్ళింది. ఆమె అంత కిందికి దిగి ఏళ్ళయింది. ఆ రోజు పందులు మళ్ళీ మళ్ళీ పరిగెత్తాయి. నేను తడిగోనెలు తీసుకుని వాటి వెంట తిరిగాను. సాయంత్రం ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని పైకొచ్చారు. ఆ తర్వాత మామయ్య ఒక్కసారి కూడా పిలవలేదు.

పూజ జరిగింది. శవం లేదు కాబట్టి సిమాన్ పెళ్ళికోటు మంచంమీద పరిచి, ఊరి ఆడవాళ్ళందరూ దాని చుట్టూ కూర్చుని ఏడ్చారు. చర్చి నుంచి వచ్చాక అత్తయ్య నా భుజం పట్టుకుంది.

"నువ్వే మూయాలి అమ్మాయ్. నేను మొదలుపెడితే ఆపలేను."

పందుల దగ్గరికి ఒక్కదాన్నే దిగాను. పొద్దు వాలింది, చల్లబడింది. మొదటిసారి తప్పు కూశాను, చివరి విరుపు రాలేదు. హానెం తల ఎత్తి, మళ్ళీ దించేసుకుంది. రెండోసారి వచ్చింది. పందులన్నీ వచ్చాయి. నా రెండు చేతులూ చాచి చూపించాను. హానెం తడి మూతి ఒక అరచేతిలో పెట్టింది, తర్వాత రెండో అరచేతిలో. మళ్ళీ మొదటి దాంట్లో. చాలాసేపు వెతికింది. నేను చేతులు తీసేసుకుని, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

దాని తర్వాత మా మధ్యాహ్నాలు అన్ని ఇళ్ళలో లాగే గడిచాయి. టమాటా రసం కాచి ఎండలో పెట్టాం. ఉల్లిపాయలు జడలు అల్లాం. సెప్టెంబరులో బద్వీ బండి తెచ్చాడు. అత్తయ్య నా కోసం బెండకాయ దండలు, ఉల్లిజడలు, ఒక జాడీ ఊరగాయ ఎక్కించింది. "ఆ బట్టీవాడు నిన్నేమైనా అంటే నాకు కబురు చెయ్యి, వాణ్ణి పొయ్యిలో పెడతా," అంది. నవ్వడానికి ప్రయత్నించింది. మామయ్య నా తలమీద చెయ్యి పెట్టి, బండి తలుపు వేశాడు.

చర్చి గంటలు మోగుతుండగా బయల్దేరాం. మలుపు దగ్గర మా పొలం అంతా కనపడుతుంది. చూశాను. మామయ్య, అత్తయ్య ఇంకా గుమ్మంలోనే ఉన్నారు, ఇద్దరి నోళ్ళూ మూసే ఉన్నాయి. కింద పందులు బురదలో ఒళ్ళు పరుచుకుని పడున్నాయి. హానెం పక్కకి తిరిగి పడుకుని ఉంది, చెవి కూడా కదల్లేదు.

కీచురాళ్ళు ఆగిపోయాయి.

రెండు పొట్టివి. ఒక పొడుగుది. చివర ఆ విరుపు.

నేను సీటులోంచి సగం లేచాను. నా చెయ్యి తలుపు పిడిమీద ఉంది. అదెప్పుడు అక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు. కింద ఒక్క పంది కూడా లేవలేదు. నేను మూసిన పిలుపు వాటికి మూతపడింది.

"ఏమైందే?" అన్నాడు బద్వీ, బండి నెమ్మది చేసి. "ఏమన్నా మర్చిపోయావా? దిగుతావా?"

ఆ పిలుపు వెనకనుంచి రాలేదు. మా పొలం వైపు నుంచి, గోడ వైపు నుంచి రాలేదు. ముందునుంచి వచ్చింది, కొండ దిగి జహ్లేకి పోయే, సిమాన్ ఆ పొద్దున వెళ్ళిన రోడ్డుమీది నుంచి.

"లేదు," అన్నాను. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. "పోనీ అన్నయ్యా."

బద్వీ బండిని ఆ వైపే పోనిచ్చాడు.